నూనె చెంచా, నీళ్ళ చెంబు

30 గ్రాముల బొరుగులు అర లీటరు గిన్నె నిండా వస్తాయి. 30 గ్రాముల కారప్పూస ఒక గుప్పిట్లో ఇమిడిపోతుంది. తూకానికి రెండూ సమానమే. బొరుగుల గిన్నె ఖాళీ అయ్యేసరికి ఒంట్లో చేరేవి సుమారు 115 కేలరీలు, గుప్పెడు కారప్పూసతో చేరేవి 160 పైచిలుకు. బొరుగులు తిన్నవాళ్ళు గిన్నె అడుగు చూసి లేస్తారు. కారప్పూస తిన్నవాళ్ళ చెయ్యి మళ్ళీ డబ్బాలోకి పోతుంది. బరువు గురించి జాగ్రత్తపడే ఇంటి వంటకు సంబంధించిన శాస్త్రం చాలావరకు ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది.

ఆహారంలో శక్తినిచ్చేవి ప్రధానంగా మూడు. పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలు, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 ఇస్తాయి. 19వ శతాబ్దం చివరలో అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ తేల్చిన లెక్క ఇది. ప్యాకెట్ల వెనక అచ్చువేసే అంకెలకు ఇప్పటికీ ఇదే ఆధారం. నాలుగోది నీరు. దాని విలువ సున్నా. ఏ వంటకమైనా ఎంత శక్తిని మోస్తుందో నిర్ణయించడంలో బియ్యమా, జొన్నలా, గోధుమలా అన్న ప్రశ్న కంటే, అందులో నూనె ఎంత, నీరు ఎంత అన్న ప్రశ్నకే బరువెక్కువ. గ్రాముకు ఎన్ని కేలరీలు అన్న ఈ లెక్కను శక్తి సాంద్రత అంటారు.

కడుపుకు కేలరీలు లెక్కపెట్టడం రాదు. జీర్ణాశయం గోడలు సాగినప్పుడు ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. ఆహారం పేగుల్లోకి దిగాక అక్కడి కణాలు కొన్ని హార్మోన్లను విడుదల చేసి, ఇక చాలన్న భావన కలిగిస్తాయి. వీటికి కొంత సమయం పడుతుంది. గబగబా తింటే కబురు చేరేలోపే కంచం ఖాళీ అవుతుంది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం 1999లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ విషయంలో ముచ్చటైనది. కోడిమాంసం, బియ్యం, కూరగాయలతో చేసిన ఒకే వంటకాన్ని భోజనానికి ముందు మూడు రకాలుగా ఇచ్చారు: ఉన్నదున్నట్టుగా, పక్కన గ్లాసు నీళ్ళతో, అవే నీళ్ళు అందులో కలిపి సూప్‌గా. సూప్ తాగిన రోజు తర్వాతి భోజనంలో తక్కువ తిన్నారు. పక్కన తాగిన నీళ్ళు ఆ పని చేయలేదు. నీరు వంటకంలో కలిసి ఉన్నప్పుడే ఆకలిని తీర్చడంలో సాయపడింది. పప్పుచారు, మజ్జిగపులుసు, రాగి జావ వంటివి రోజూ వండుకునే ఇళ్ళకు ఇది పనికొచ్చే సమాచారం.

ఈ జాగ్రత్త ఎవరికి అవసరమన్నదానికి కొలతలున్నాయి. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 23 దాటితే భారతీయులకు అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. పాశ్చాత్యులకు ఈ గీతలు 25, 30. తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకునే ఒంటితీరు వల్ల మనకు ఈ తేడా. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు మించకూడదంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పాత గీతనే, అంటే 25నే వాడింది. అలా చూసినా 15-49 ఏళ్ళ మహిళల్లో అధిక బరువున్నవారు దేశం మొత్తం మీద 24 శాతమైతే, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. గర్భిణులు, ఎదిగే పిల్లలు, మధుమేహానికి మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బున్నవారు వైద్యుల సలహా లేకుండా తిండి తగ్గించకూడదు.

చెంచా లెక్క

ఒక చిన్న చెంచా నూనె అంటే 5 మిల్లీలీటర్లు, తూకంలో నాలుగున్నర గ్రాములు, శక్తిలో 40 కేలరీలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి చూపిన నూనె, నెయ్యి వగైరా మొత్తం 27 గ్రాములు. చెంచాల్లో చెబితే ఆరు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. ఏ ఇంటివాళ్ళైనా తమ నెలసరి సరుకుల చీటీతో పోల్చుకోగల అంకె ఇది. వ్యాయామం గురించీ, సజ్జల గురించీ చదవడం కంటే ముందు ఆ చీటీ తీసి చూసుకోవడం మేలు.

మూకుట్లోకి నూనెను సీసాతో వంచితే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. తాలింపు గింజలు చిటపటలాడటానికి నిజానికి రెండు చెంచాలు చాలు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువల వాసనలు నూనెలో కరిగే రకానివి. కొద్ది నూనె బాగా వేడెక్కితే చాలు, అవి దిగిపోతాయి. మిగతా నూనె రుచికి పెద్దగా చేసేదేమీ ఉండదు, కూర అడుగంటకుండా కాపాడటం తప్ప. ఆ పని మూతా, గుక్కెడు నీళ్ళూ కూడా చేస్తాయి.

నూనె ఎక్కడికి పోతుందో చూడాలంటే వంకాయను చూడాలి. కోసిన ముక్క కండ స్పాంజిలా గాలి గదులతో నిండి ఉంటుంది. వేడి నూనెలో వేయగానే ఆ గదుల్లోకి నూనె దూరుతుంది. నాలుగు చెంచాలు పోసినా నిమిషంలో మూకుడు పొడిగా కనిపిస్తుంది. వండేవాళ్ళు ఇంకా పోస్తారు. ముక్క మగ్గి గదులు కూలిపోయాక తాగిన నూనెలో కొంత బయటికి వస్తుంది, కూర చుట్టూ తేలుతుంది. ముక్కలను ముందే ఉప్పునీళ్ళలో వేసి, తీసి, రెండు చెంచాల తాలింపులో కలిపి, మూత పెట్టి, మూత మీద కాసిని నీళ్ళు పోసి సన్నసెగన మగ్గిస్తే, నూనె దూరడానికి గదులు మిగలవు. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలిపితే కొత్తిమీర కారం కూర పావుగంటలో తయారు. బెండకాయ, దొండకాయ వేపుళ్ళు ఇలా లొంగవు. వేపుడు వేపుడే. వాటిని వారానికి ఒకసారికి పరిమితం చేసుకోవడమే తెలివి.

నూనెలో ముంచి వేయించినప్పుడు జరిగేది మరోలా ఉంటుంది. పూరీలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె పెద్దగా లోపలికి రాదు. మూకుట్లోంచి తీశాక, చల్లారేటప్పుడు లోపలి ఆవిరి తగ్గి, పైన అంటుకున్న నూనె లోనికి పీల్చుకుపోతుంది. అందుకే తీసిన వెంటనే చిల్లుల గరిటెలో కాసేపు ఆపి, కాగితం మీద వేస్తే కొంత తగ్గుతుంది. తగ్గేది కొంతే. అదే పిండి ఉండను పెనం మీద పుల్కాగా కాలిస్తే 80, 90 కేలరీలు. పూరీ ఒక్క చెంచా నూనె పీల్చినా దానికి 40 కలుస్తాయి. పూరీలు ఎవరూ ఒకటి తిని ఊరుకోరు.

ఉదయం టిఫిను

పొద్దున్న అరగంటలో కావలసిన టిఫిన్లలో పెసరట్టుకు సాటి వచ్చేది తక్కువ. దోసెలా రాత్రంతా పులియాల్సిన పని లేదు. రాత్రి పొట్టు పెసలు నానబోస్తే పొద్దున్నే రుబ్బి అప్పటికప్పుడు పోసుకోవచ్చు. 60 గ్రాముల పెసలతో రెండు మంచి అట్లొస్తాయి. అందులో 13 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, శక్తి 200 కేలరీల చుట్టుపక్కల. అట్టుకు ఒక చెంచా చొప్పున నూనె వేసినా మొత్తం 280 దాటదు. పెనం బాగా కాగాక నీళ్ళు చిలకరించి, కోసిన ఉల్లిపాయ ముక్కతో రుద్ది, పిండి పోసి పలచగా తిప్పాలి. సన్నగా తరిగిన ఉల్లి, అల్లం, జీలకర్ర తడి ఆరకముందే చల్లితే అట్టుకు అతుక్కుంటాయి. అంచులు పైకి లేచినప్పుడే నూనె చుక్కలు వేయాలి, అంతకు ముందు వేస్తే పిండి తాగేస్తుంది. పొట్టుతో రుబ్బడం వల్ల పీచు పోదు. మాంసకృత్తులకు మరో గుణం ఉంది: వాటిని అరిగించుకోవడానికే ఒళ్ళు వాటి శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చు పెడుతుంది. పిండిపదార్థానికి ఆ ఖర్చు 5 నుంచి 10 శాతమే, కొవ్వుకు ఇంకా తక్కువ.

ఈ మంచి పేరును చెడగొట్టేది ఎమ్మెల్యే పెసరట్టు. లోపల ఉప్మా, పైన నెయ్యి, పక్కన బెల్లం వేసిన అల్లం పచ్చడి. రెండు టిఫిన్లను ఒకటిగా మడిచి పెట్టిన వంటకం అది. పండగపూట తినదగినదే కానీ, రోజువారీ లెక్కలో దాన్ని రెండుగానే చూడాలి.

ఉప్మా పేరు చెబితే మూతి ముడిచేవాళ్ళు లేని ఇల్లుండదు. ఆ అపకీర్తికి సగం కారణం రవ్వ, నూనె తప్ప ఇంకేమీ లేకుండా వండటమే. 50 గ్రాముల రవ్వలో 170 కేలరీలుంటే, ధారాళంగా పోసిన మూడు చెంచాల నూనె, గుప్పెడు జీడిపప్పు కలిసి దాన్ని రెట్టింపుకు చేరుస్తాయి. రవ్వకు సమానంగా క్యారెట్, బీన్స్, బఠాణీ, టమాటా వేసి, ఒకటికి మూడు నీళ్ళు పోసి జారుగా చేస్తే ప్లేటు నిండుతుంది, శక్తి సాంద్రత పడిపోతుంది.

రాయలసీమ ఉగ్గాని ఇంకా తొందరగా అయ్యే పని. బొరుగులను నీళ్ళలో వేసి, మెత్తబడగానే పిడికిళ్ళతో పిండి తీసి పక్కన పెట్టాలి. ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి, సరిగా నానకపోతే తాలింపులో గట్టిగా పంటికి తగులుతాయి. ఉల్లి, పచ్చిమిర్చి, టమాటా, పసుపు వేసిన తాలింపులో వాటిని కలిపి, పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి కొట్టిన పొడి చల్లి దింపేస్తారు. పుట్నాల వల్ల మాంసకృత్తులు, చివర్లో పిండే నిమ్మరసం వల్ల రుచి కలుస్తాయి. ఈ వంటకంలో తంటా అంతా దానికి తోడొచ్చే మిరపకాయ బజ్జీతోనే. అనంతపురంలోనో కర్నూలులోనో బజ్జీ లేని ఉగ్గాని పెడితే అలకలొస్తాయి. ఒక్క బజ్జీతో రాజీ కుదుర్చుకోవచ్చు.

ఇడ్లీ విషయంలో తప్పంతా చట్నీది. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ ఒకటి 50, 60 కేలరీలు. మూడు తిన్నా 180 లోపే. పల్లీ చట్నీ మాత్రం గిన్నెడు వేసుకుంటే అందులో 30 గ్రాముల పల్లీలు ఇట్టే వెళ్ళిపోతాయి, మరో 160 కేలరీలు. దానికి బదులు సాంబారు, లేదా టమాటా, పుదీనా కలిపి పల్లీలను చెంచాకు తగ్గించి రుబ్బిన పచ్చడి చాలు.

మధ్యాహ్నం అన్నం

తెలుగువాళ్ళ భోజనంలో అన్నం ప్రధానం, మిగతాదంతా ఆదరువు. కూర, పప్పు, పచ్చడి అన్నాన్ని గొంతు దింపడానికే ఉన్నాయన్నట్టు కంచం నడుస్తుంది. పోషకాహార సంస్థ 2,000 కేలరీల కంచంలో రోజుకు సూచించే ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. అంటే ధాన్యం కంటే కూరగాయలు తూకంలో ఎక్కువ. బరువు తగ్గాలనుకునేవాళ్ళు అన్నం మానేయాల్సిన అగత్యం లేదు, అన్నాన్ని ఆదరువు స్థానానికి దింపితే సరిపోతుంది. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీలు. నూనె తక్కువ వేసిన సొరకాయ, బీరకాయ, పొట్లకాయ కూరలు అందులో సగం కూడా ఉండవు. వాటిలో తొంభై శాతానికి మించి నీళ్ళే.

తొందరగా అయ్యేదీ కడుపు నింపేదీ ఒకే గిన్నెలో కావాలంటే ఆకుకూర పప్పును మించింది లేదు. కుక్కర్ లోపల పీడనం వల్ల నీరు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దాకా వేడెక్కి ఆవిరవుతుంది. మామూలు గిన్నెలో ముప్పావుగంట పట్టే కందిపప్పు అందులో పావుగంటకు మెత్తబడుతుంది. పప్పు కొలతకు మూడింతలు తోటకూరో పాలకూరో వేస్తే కళ్ళకు ఎక్కువనిపిస్తుంది, మూత తీసేసరికి ఆకు అణిగి పప్పులో కలిసిపోతుంది. గోంగూర, చుక్కకూర, చింతచిగురు పుల్లగా ఉంటాయి కాబట్టి పప్పు ఉడికాక వేయడం మంచిది. పులుపు ముందే తగిలితే పప్పు పలుకు మిగులుతుంది.

చారును భోజనం మధ్యలో అన్నంలో పోసుకోవడం ఆనవాయితీ. బార్బరా రోల్స్ సూప్ ప్రయోగాన్ని బట్టి చూస్తే, అదే చారును కంచం ముందు కూర్చోగానే గ్లాసులో తాగడం ఎక్కువ ఉపయోగం. మిరియాలు, ధనియాలు, టమాటా చారు గ్లాసుకు 30, 40 కేలరీలకు మించదు. అన్నం చివర పెరుగుకు బదులు మజ్జిగ వాడినా అంతే: 50 మిల్లీలీటర్ల పెరుగుకు మూడింతల నీళ్ళు కలిపి చిలికితే గ్లాసు మజ్జిగలో 30 కేలరీలే ఉంటాయి. అల్లం, కరివేపాకు దంచి వేస్తే వేసవిలో అదే ఒక చిరుతిండి.

జొన్నరొట్టె గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. చిరుధాన్యాలు తింటే దానంతటదే బరువు తగ్గుతుందని. 100 గ్రాములకు బియ్యంలో 356 కేలరీలుంటే జొన్నల్లో 334, రాగుల్లో 321. తేడా స్వల్పం. రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది, జొన్నల గొప్పతనం పీచులో ఉంది. రొట్టెకు మరో లాభం తినే తీరులో వస్తుంది. మరిగే నీళ్ళతో కలిపి పిసికిన పిండిని పీట మీద అరచేత్తో తట్టి, నూనె చుక్క లేకుండా పెనం మీద కాలుస్తారు. కాలేటప్పుడు పైన తడిగుడ్డతో అద్దుతారు. ఆ రొట్టెను నమలాలి, మింగడం కుదరదు. పక్కన కూరో పప్పో లేకుండా గొంతు దిగదు. నెమ్మదిగా తినడం, ఎక్కువ కూర తినడం రెండూ వాటంతటవే జరుగుతాయి. అదే జొన్నపిండి వెన్న, చక్కెర కలిసి బిస్కెట్‌గా మారితే ఈ లాభాలేవీ మిగలవు, డబ్బా మీద ఎన్ని కంకుల బొమ్మలున్నా సరే. చక్కెర బదులు బెల్లం వేశామన్న సమాధానం కూడా ఈ కోవలోదే. శక్తి లెక్కలో రెండూ దాదాపు ఒకటే.

సాయంత్రం నాలుగు నుంచి ఆరు

రోజంతా పట్టిన లెక్క తప్పేది ఎక్కువగా ఈ రెండు గంటల్లోనే. ఆఫీసు నుంచో బడి నుంచో ఆకలితో వచ్చినవాళ్ళకు సిద్ధంగా దొరికేది ప్యాకెట్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 20 మందిని ఒకచోట ఉంచి, రెండు వారాలు కర్మాగారపు తిండి, రెండు వారాలు వంటింటి తరహా తిండి పెట్టింది. రెండింటిలోనూ చక్కెర, కొవ్వు, పీచు సమానంగా అమర్చి, ఎంతైనా తినమన్నారు. కర్మాగారపు తిండి రోజుల్లో సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు ఒక కిలో పెరిగారు. ఆ తిండిని వాళ్ళు వేగంగా కూడా తిన్నారు.

వేగాన్ని తగ్గించే చిరుతిండికి మంచి ఉదాహరణ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. 100 గ్రాముల వేయించిన పల్లీల్లో 580 కేలరీల దాకా ఉంటే, ఉడికించిన గింజల్లో 320 దరిదాపుల్లో ఉంటాయి. గింజ నీళ్ళు తాగి బరువెక్కడమే తేడా. పైగా ఒక్కో కాయ వొలవాలి, వొట్టి కాయలు పక్కన పోగవుతుంటే ఎన్ని తిన్నారో కళ్ళకు కనిపిస్తుంది. శనగలు, బొబ్బర్ల గుగ్గిళ్ళదీ ఇదే గుణం. రాత్రి నానబెట్టి, పొద్దున్న కుక్కర్‌లో ఉడికించి పెట్టుకుంటే సాయంత్రం ఒక చెంచా నూనెలో ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి తిప్పడానికి ఐదు నిమిషాలు. మొలకెత్తిన పెసల్లో ఎండు గింజలో నామమాత్రంగా ఉన్న సి విటమిన్ పుట్టుకొస్తుంది. పచ్చి మొలకలు కడుపుకు పడనివాళ్ళు ఆవిరి మీద రెండు నిమిషాలు ఉంచి తినవచ్చు. ఉడికించిన గుడ్డు ఒకటి 70 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు. జామకాయ ముక్కలకు ఉప్పు, కారం అద్దుకోవడానికి వంట కూడా అక్కర్లేదు.

ఉడికించిన బంగాళాదుంపకు అన్యాయంగా చెడ్డపేరొచ్చింది. సిడ్నీలో సుసానా హోల్ట్ బృందం 1995లో 38 రకాల ఆహారాలను 240 కేలరీల చొప్పున పెట్టి, ఏది ఎక్కువసేపు ఆకలిని ఆపుతుందో కొలిచింది. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులిస్తే ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చాయి, అన్నిటికంటే ఎక్కువ. అట్టడుగున వెన్నపొరల క్రొసాంకు 47 వచ్చాయి. దుంపను ఉడికించి, పెరుగు, కొత్తిమీర, జీలకర్ర పొడి కలిపి తినడం వేరు, ముద్దకూరగా చేసి పిండిలో ముంచి బజ్జీ వేయడం వేరు.

ముందురోజు పని

తొందరగా అయ్యే వంట ఏదీ నిజంగా ఆ పూటే మొదలవదు. నానబోయడం, ఉడికించడం, తరగడం ముందే జరిగిపోయి ఉంటాయి. రుబ్బిన పెసరపిండి ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది, తర్వాత పుల్లబడి అట్టు రంగు మారుతుంది. ఇడ్లీ పిండి నాలుగు రోజులు ఆగుతుంది. ఉడికించిన శనగలు నీళ్ళు వార్చి మూత పెడితే మూడు రోజులు. ఆకుకూరను కడిగి తడిగా డబ్బాలో పెడితే మర్నాటికి కుళ్ళుతుంది, ఆరిన గుడ్డలో చుట్టి పెట్టి, వండేముందే కడగాలి.

రాత్రి మిగిలిన అన్నం సంగతి కొంచెం వేరు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత మళ్ళీ గట్టిపడి, పేగుల్లో త్వరగా అరగని రూపానికి మారుతుంది. చద్దన్నానికి ఇటీవల వచ్చిన పేరులో కొంత ఈ మార్పు వల్లే, కానీ దానివల్ల తగ్గే కేలరీలు ఎక్కువేమీ కావు. అన్నంలో వేడికి చావని బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. ఉక్కపోతలో మూత పెట్టి వదిలేసిన అన్నంలో అవి పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారు చేస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టి, గంట లోపు ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో చద్దన్నంగానో, తరిగిన కూరగాయలు రెట్టింపు వేసి ఒక చెంచా నూనెతో పులిహోరగానో వాడుకోవచ్చు.